49 రోజులు ఆ కాగితం ఎక్కడుంది?

మా తమ్ముడు ఏ తప్పూ చేయనివాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. 2022 నాటికి వాడి మీద మూడు బైకు దొంగతనం కేసులున్నాయి. మూడింట్లోనూ బెయిలు వచ్చింది. మూడో కేసులో ష్యూరిటీలు పెట్టి, కాగితాలన్నీ పూర్తిచేసి, సాయంత్రం ఇంటికి తీసుకుపోదామని అమ్మా నేనూ జైలు గేటు ముందు నిలబడ్డాం. ఐదు దాటాక ఒక వార్డరు బయటికొచ్చి, "మీవోడు ఇయాల రాడు, పీడీ పెట్టిన్రు" అని చెప్పి లోపలికి పోయాడు. జులై 9, శనివారం. వాడి కోసం తెచ్చిన కొత్త చొక్కా సంచిలోనే ఉంది.

పీడీ యాక్ట్, అంటే ప్రివెంటివ్ డిటెన్షన్ (ముందస్తు నిర్బంధం) చట్టం, అప్పటిదాకా నాకు పేపర్లో చదివిన మాటే. 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టం. సారా అమ్మేవాళ్ళు, దోపిడీదారులు, మత్తుమందుల నేరస్తులు, గూండాలు, భూకబ్జాదారులు అంటూ దాని పేరులోనే పెద్ద జాబితా ఉంటుంది. తెలంగాణ వచ్చాక నకిలీ విత్తనాలవాళ్ళు, సైబర్ నేరగాళ్ళు లాంటివాళ్ళనీ చేర్చారు. మావాణ్ణి 'గూండా' కింద రాశారు. ఈ చట్టం లెక్కలో గూండా అంటే కత్తి పట్టుకు తిరిగేవాడే కానక్కర్లేదు. అప్పటి శిక్షాస్మృతి ఐపీసీలో 16, 17, 22 అధ్యాయాల్లోని నేరాలు అలవాటుగా చేసేవాడైతే చాలు. దొంగతనం 17లో ఉంది. మావాడు గట్టిగా గాలి వీస్తే పక్కకి తూలేటట్టుంటాడు. ఆ మాట చదివి మా మేనమామకి నవ్వొచ్చింది, అమ్మకి రాలేదు.

ఇందులో విచారణ ఉండదు, సాక్షులుండరు. చేసినదానికి శిక్ష కాదిది. బయటికొస్తే మళ్ళీ చేస్తాడని ముందే లోపల ఉంచడం. ఎక్కువలో ఎక్కువ 12 నెలలు. ఉత్తర్వు మీద సంతకం పెట్టేది జడ్జి కాదు, పోలీసు కమిషనరో కలెక్టరో. దాన్ని 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి, మూడు వారాల్లో అడ్వైజరీ బోర్డుకి, అంటే నిర్బంధం సరైనదో కాదో చూసే సలహా మండలికి పంపాలి, ఏడు వారాల్లో బోర్డు తన అభిప్రాయం చెప్పాలి. ఇవన్నీ చట్టంలో అంకెలతో రాసి ఉన్నాయి. ఒక్క విషయానికి మాత్రం అంకె లేదు. మా కథంతా ఆ ఒక్కదాని చుట్టూనే తిరిగింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పద్దెనిమిదేళ్ళుగా నా పని కాగితాలే. తపాల్‌లో వచ్చిన ప్రతి కాగితాన్నీ మా భాషలో 'కరెంట్' అంటాం. దాన్ని పర్సనల్ రిజిస్టర్‌లో ఎక్కించి, నంబరు వేసి, ఫైలు కట్టి, నోట్ రాసి పైకి పెట్టాలి. పెట్టాలి అన్నాను. పెడతామని కాదు.

హైకోర్టులో ప్రాక్టీసు చేసే ఒక లాయర్ మేడం దగ్గరికి వెళ్ళాం. ఆవిడ కేసుల గురించి పెద్దగా అడగలేదు. జైల్లో వాడికి ఇచ్చిన కాగితాల కట్ట తెప్పించుకుని, ఏ కాగితం ఏ తేదీన వాడి చేతికొచ్చిందో మాత్రం నాలుగుసార్లు అడిగింది. ఉత్తర్వు, కారణాల పత్రం, తెలుగు అనువాదం అన్నీ జులై 9నే ఇచ్చారు. కారణాలు ఐదు రోజుల్లోపు ఇవ్వాలి, కాబట్టి అక్కడ ఏమీ దొరకలేదు. ఆవిడ కట్ట మూసి, "ముందు రిప్రజెంటేషన్ పెట్టిద్దాం" అంది.

రిప్రజెంటేషన్ అంటే విన్నపం. నన్ను వదిలిపెట్టండి, మీరు చెప్పిన కారణాలు సరికావు అని నిర్బంధంలో ఉన్న మనిషి ప్రభుత్వానికి రాసుకునే కాగితం. రాజ్యాంగంలో 22వ అధికరణం ఐదో క్లాజు ఇచ్చిన హక్కు అది. కారణాలు చెప్పాలి, వీలైనంత తొందరగా విన్నవించుకునే అవకాశం ఇవ్వాలి అని అందులో ఉంది. ఆ విన్నపాన్ని ఎన్ని రోజుల్లో చూడాలో మాత్రం అందులోనూ లేదు, 1986 చట్టంలోనూ లేదు. లేదు కదా అని ఎప్పుడైనా చూడొచ్చా? చూడకూడదని సుప్రీంకోర్టు 1970 నుంచీ చెబుతూనే ఉంది. 1981లో ఒక యూపీ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది: కాగితం అందిన వెంటనే చేతిలోకి తీసుకోవాలి, తేలేదాకా మధ్యలో కింద పెట్టకూడదు. మేడం ఈ మాట చెప్పినప్పుడు నాకు నవ్వాగలేదు. చేతిలోకి తీసుకున్న కాగితాన్ని తేలేదాకా కింద పెట్టని ఆఫీసు నేను చూళ్ళేదు.

నేను తెలుగులో డ్రాఫ్టు రాసి ములాఖత్‌లో చదివి వినిపించాను. వాడు తన చేత్తో మూడు కాపీలు రాసుకున్నాడు. ఒకటి కమిషనర్‌కి, ఒకటి ప్రభుత్వానికి, ఒకటి బోర్డుకి. ఇంటర్ తప్పినవాడైనా చేతిరాత బాగుంటుంది. "జైలు సూపరింటెండెంట్ ముద్ర, తేదీ పడిన నకలు నా చేతికి రావాలి. అది లేకపోతే మనం రాసినట్టే కాదు" అని మేడం ముందే చెప్పింది. ముద్ర జులై 22న పడింది. ప్రభుత్వానికి 25న అందినట్టు తర్వాత కౌంటర్లో, అంటే కోర్టుకి రాసిచ్చిన జవాబులో, వాళ్ళే ఒప్పుకున్నారు. ఆ మరుసటి రోజు, 26న, కేసు బోర్డుకి వెళ్ళింది.

ఆగస్టు 16న బోర్డు ముందు విచారణ. అక్కడికి లాయరు రాకూడదని చట్టమే చెబుతుంది. లాయరు కాని స్నేహితుణ్ణి తోడు తెచ్చుకోవచ్చని ఎ.కె. రాయ్ కేసులో 1981 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది కాబట్టి నేను వెళ్ళాను. పోలీసు ఎస్కార్టుతో తమ్ముణ్ణి తెచ్చారు. పది నిమిషాలు పట్టిందేమో. వాడు మూడు కేసుల్లోనూ బెయిలు వచ్చిందనీ, బెయిలు షరతు ఒక్కటీ తప్పలేదనీ చెప్పాడు. నేను చెప్పాలనుకున్న మూడు మాటల్లో రెండు మర్చిపోయాను. నిర్బంధానికి తగినన్ని కారణాలున్నాయని బోర్డు అభిప్రాయం రాసింది. అది ఆగస్టు 22న ప్రభుత్వానికి చేరింది. సెప్టెంబరు 2న, నిర్బంధించిన రోజు నుంచి 12 నెలలు ఖాయం చేస్తూ జీవో వచ్చింది.

విన్నపానికి జవాబు మాత్రం రాలేదు. ఒప్పుకున్నామని రాలేదు, తోసిపుచ్చామనీ రాలేదు.

సెప్టెంబరు 12న హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే చట్టవిరుద్ధంగా లోపల ఉంచిన మనిషిని వదిలించమని అడిగే పిటిషన్, వేశాం, అమ్మ పేరు మీద. నా పేరు మీద వేయొచ్చు. ప్రభుత్వోద్యోగిని, ప్రభుత్వం మీదే పిటిషనా అని భయపడ్డాను. ఆ సంగతి ఇప్పటికీ తమ్ముడికి తెలియదు. ఈ రకం పిటిషన్‌లో కోర్టులు లాంఛనాలు పెద్దగా పట్టించుకోవని మేడం చెప్పింది. జైలు నుంచి రాసిన పోస్టుకార్డునే పిటిషన్‌గా తీసుకున్న సందర్భాలున్నాయట. మనిషిని లోపల పెట్టినవాడే అది చట్టప్రకారం జరిగిందని చూపించుకోవాలి, లోపలున్నవాడు కాదు.

మేడం పిటిషన్‌లో చాలా వాదనలు పెట్టింది. బైకు దొంగతనాలు ఆ బైకుల యజమానులకి నష్టమేగానీ ఊరందరి ప్రశాంతతకి దెబ్బ ఎలా అవుతుందన్నది ఒకటి. బెయిలు మీద అభ్యంతరముంటే రద్దు చేయమని అడగాలిగానీ పీడీ ఎందుకన్నది ఇంకోటి. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే తెలంగాణ కేసులో సుప్రీంకోర్టు ఇదే చట్టం వాడకం మీద గట్టిగా మాట్లాడింది, దాన్నీ జోడించింది. చివరి కేసు మార్చిలోది, ఉత్తర్వు జులైలోది, ఈ మధ్యలో ఎందుకు ఊరుకున్నారన్నది మరోటి. సెప్టెంబరు 30న త్రిపుర కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా అలాంటి జాప్యం మీదే నిర్బంధం కొట్టేస్తే, ఆ తీర్పు ప్రింటు తీసుకుని మేడం ఆ రోజంతా హుషారుగా కనిపించింది. విన్నపం సంగతి పిటిషన్ చివర్లో నాలుగు వాక్యాలే. "ఇది ఉండనీ, ఇప్పుడే దీని గురించి అరవొద్దు" అంది.

కోర్టు నోటీసు ప్రభుత్వానికి చేరాక, అక్టోబరు 10 తేదీతో ఒక మెమో పుట్టింది. నాలుగు రోజులకి జైల్లో తమ్ముడి చేతికిచ్చారు. 'మీ విన్నపాన్ని జాగ్రత్తగా పరిశీలించడమైనది, అంగీకరించుటకు తగిన కారణాలు కనిపించనందున తిరస్కరించడమైనది.' ఒకటే వాక్యం. వాడు ములాఖత్‌లో జాలీ అవతలి నుంచి చదివి వినిపించి, "గింత రాయనీకి మూడు నెలలా అన్నా?" అన్నాడు. వాడు కోపంగా అన్నాడు. నాకు మాత్రం పానం లేచొచ్చింది. నేను బస్టాండుకి కూడా వెళ్ళకుండా అక్కడే చెట్టు కింద నిలబడి మేడంకి ఫోన్ చేశాను.

ప్రభుత్వం కౌంటర్ నవంబరు మొదట్లో వచ్చింది. ఇరవై రెండు పేరాలు. మేడం ఆఫీసులో కూచుని ఒక తెల్లకాగితం మీద తేదీలు ఒకదాని కింద ఒకటి రాశాను. విన్నపం అందినది జులై 25. కమిషనర్ నుంచి పారావైజ్ రిమార్కులు (విన్నపంలోని ఒక్కో పేరాకి జవాబు) అడిగినది 28. అవి వచ్చినది ఆగస్టు 4. బోర్డు రిపోర్టు వచ్చినది 22. ఖరారు జీవో సెప్టెంబరు 2. తిరస్కరణ మెమో అక్టోబరు 10. ఈ చివరి రెండు తేదీల మధ్య ఏం జరిగిందన్న దానికి పద్దెనిమిదో పేరాలో ఉన్న సమాధానం ఇది: పరిపాలనా కారణాల వల్ల కొంత ఆలస్యమైంది, అది ఉద్దేశపూర్వకం కాదు.

ఆ వాక్యాన్ని నేను గుర్తుపట్టాను. అదే వాక్యం కాదు, కానీ నాదే. ఎన్నిసార్లు టైపు చేశానో. ప్రజావాణిలో ఎవరైనా మళ్ళీ అర్జీ పెడితే, పైనుంచి వివరణ అడిగితే, 'పరిపాలనా కారణాల వల్ల' అని రాసి పంపేస్తాను. ఎవరూ తిరిగి అడగరు. ఏ కారణాలు, ఏ తేదీన, ఎవరి బల్ల మీద అని ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో నా దగ్గర ఒకావిడ కుటుంబ పింఛను బకాయి ఫైలు ఉంది. భర్త అటెండరుగా చేసి చనిపోయాడు. వచ్చినప్పుడల్లా "పైకి పెట్టాం అమ్మా" అనేవాణ్ణి. పెట్టలేదు. పగ ఏమీ లేదు, లంచం ఆశా లేదు, ఒక సర్వీసు రిజిస్టరు పాత బీరువాలో వెతకాలి, అంతే, బద్ధకం. మేడం ఆఫీసు నుంచి వచ్చిన మర్నాడు ఆ రిజిస్టరు వెతికి, నోట్ రాసి, నేనే సూపరింటెండెంటు దగ్గరికి తీసుకెళ్ళి సంతకం పెట్టించాను. మొత్తం పని నలభై నిమిషాలు.

వాదనలు నవంబరు చివరి వారంలో జరిగాయి. ఇద్దరు జడ్జీల బెంచి. ప్రభుత్వ ప్లీడరు తెలివైనవాడు. జాప్యం మాట రాగానే 1991 నాటి రాజ్యాంగ ధర్మాసనం తీర్పు తీశాడు. నాకు గుండె జారింది, ఎందుకంటే అందులో ఆయన చదివిన ముక్క నిజంగానే ఉంది: కేసు బోర్డు ముందున్నప్పుడు విన్నపం మీద నిర్ణయం తీసుకోకుండా బోర్డు రిపోర్టు కోసం ఆగడం తప్పు కాదు. అంటే జులై 25 నుంచి ఆగస్టు 22 దాకా మేం ఏడవడానికి లేదు.

మేడం లేచి, "ఆ రోజులు నేను లెక్క అడగడం లేదు, వాళ్ళకే వదిలేస్తున్నాను. 22 తర్వాత చెప్పమనండి" అంది. ఆగస్టు 22 నుంచి అక్టోబరు 10కి 49 రోజులు. పైగా బోర్డు రిపోర్టు కోసమే ఆగామంటున్నారు కదా, ఆ రిపోర్టు చదివే కదా సెప్టెంబరు 2న పన్నెండు నెలలు ఖాయం చేశారు. అప్పుడు అదే ఫైల్లో ఉన్న విన్నపం చదవడానికి ఏం అడ్డమొచ్చింది? చదవకుండానే ఏడాది ఖాయం చేసి, ఆ తర్వాత 38 రోజులకి చదివి కాదంటే, ఆ చదవడానికి అర్థమేముంది?

ప్లీడరు వినాయక చవితి, దసరా సెలవులు చెప్పాడు. సీనియర్ జడ్జి, "సెలవులన్నీ తీసేయండి, ఆదివారాలూ రెండో శనివారాలూ తీసేయండి. మిగిలిన రోజుల్లో ఫైలు ఎవరి దగ్గరుంది?" అన్నారు. ఆయన మళ్ళీ పరిపాలనా కారణాలు అన్నాడు. "అదే, ఏ కారణం?" అని రెండోసారి అడిగారు. పద్దెనిమిదేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న. వెనక బెంచీలో కూచున్న నాకు చెమటలు పట్టాయి, ముందు నిలబడి జవాబు చెప్పాల్సింది నేనే అన్నట్టు. అదనపు అఫిడవిట్‌కి టైమివ్వమని అడిగితే, అఫిడవిట్ వద్దు, ఒరిజినల్ ఫైలు పట్టుకురండి అన్నారు.

రెండు రోజులకి ఫైలు వచ్చింది. నేను చూసినవాటిలాంటిదే, ఎర్ర నాడా కట్టిన అట్ట ఫైలు. జడ్జి నోట్ ఫైలు పేజీలు ఒక్కొక్కటే తిప్పారు. సెప్టెంబరు 2 తర్వాతి సంతకం అక్టోబరు 7ది. మధ్యలో గీత కూడా లేదు. ఎవరైనా 'చర్చించాలి' అని ఒక్క ముక్క రాసినా, ఏదైనా వివరం కోసం ఎక్కడికైనా పంపినా, ఆ ఖాళీకి ఏదో పేరు పెట్టుకోవచ్చు. అదీ లేదు. ప్లీడరు చివరికి ఫైలు మూసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన మీద నాకు జాలేసింది. నోట్ పెట్టనివాడు ఎక్కడో హాయిగా టీ తాగుతుంటాడు, నిలబడింది ఈయన.

డిసెంబరు 1న తీర్పు చెప్పారు. విన్నపాన్ని పరిశీలించడంలో జరిగిన జాప్యానికి సంజాయిషీ లేదు, అది 22వ అధికరణం ఐదో క్లాజుకి విరుద్ధం, అందువల్ల నిర్బంధం చెల్లదు, మిగతా వాదనల్లోకి వెళ్ళనక్కర్లేదు. అంటే బైకు దొంగతనం ఊరి ప్రశాంతత కిందికి వస్తుందా రాదా అన్నది ఎవరూ తేల్చలేదు. మేడం నెల రోజులు కష్టపడి తయారుచేసుకున్న వాదన అలాగే ఉండిపోయింది. గెలిచామన్న సంతోషంలో కూడా ఆవిడలో ఆ గుంజులాట కనిపించింది.

తర్వాత మా చుట్టాల్లో చాలామంది ఫోన్ చేసి, "ఇన్ని రోజులు దాటితే వదిలేస్తారట కదా, ఎన్ని రోజులు?" అని అడిగారు. అలా లెక్కేమీ లేదు. రిమార్కులు తెప్పించడానికి పట్టిన రోజులు, అనువాదానికి పట్టిన రోజులు, కాగితం దారిలో ఉన్న రోజులు చూపిస్తే కోర్టు ఒప్పుకుంటుంది. 49కి కారణం తేదీలతో సహా చూపించి ఉంటే మావాడు ఏడాదీ లోపలే ఉండేవాడేమో. వారం పది రోజులైనా, అడిగితే నోరు మెదపకపోతే ఉత్తర్వు నిలబడకపోవచ్చు. ఇంకొందరు కేసులు కొట్టేశారనుకున్నారు. కొట్టేయలేదు. పోయింది పీడీ ఒక్కటే. దొంగతనం కేసులు మూడూ ఎక్కడివక్కడ ఉన్నాయి. విన్నపమే పెట్టకుండా కూర్చుని ఉంటే ఈ వాదనే లేదు. ముద్ర పడిన నకలు దాచుకోకపోయినా కష్టమయ్యేది.

ఒకటి మాత్రం నాకిప్పటికీ మింగుడుపడదు. ఆ ఆఫీసులో ఎవరో ఒకరు నలభై నిమిషాలు కూచుని నోట్ రాసి ఉంటే, ప్రభుత్వం ఓడిపోయేది కాదు, మా తమ్ముడు బయటికొచ్చేవాడు కాదు. వాడి విడుదల నాలాంటి ఒక గుమాస్తా బద్ధకం పుణ్యం. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియని చోట నిలబెట్టింది.

తీర్పు కాపీ చేతికొచ్చి జైలుకి చేరేసరికి లాకప్ టైం దాటింది. మర్నాడు పదకొండింటికి వదిలారు. అమ్మ జులైలో కొన్న చొక్కానే తెచ్చింది, వాడికి వదులైంది. మొత్తం 146 రోజులు. బస్సులో కిటికీ పక్క సీటు కావాలన్నాడు. కాసేపు బయటికి చూసి, "అన్నా, నువ్వు ఆఫీసుల పనిచేస్తవ్ గద. నేను రాసిన కాగితం గన్ని రోజులు ఏడ పన్నదే?" అన్నాడు.

"ఎవరిదో బల్ల మీద ఉండి ఉంటదిరా" అన్నాను.

"చదివి కూడా ఉండరు" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. 14న మొదటి కేసు వాయిదా ఉంది, పొద్దున పదింటికల్లా కోర్టులో ఉండాలని వాడికి గుర్తుచేశాను.